ఇంట్లో కొత్త భాష మాట్లాడటం మొదలుపెట్టేదెలా?

యాప్ వేసుకున్నాం, పిల్లలకు క్లాసులు పెట్టించాం, గోడకు చార్టు కూడా అంటించాం. అయినా ఇంట్లో ఎవరి నోటా ఆ భాష ఒక్క ముక్క రావడం లేదు, ఏం చేయమంటారు? అడిగేవాళ్లు మారుతుంటారు కానీ ప్రశ్న మాత్రం ఇదే. బడిలో ఫ్రెంచ్ తీసుకున్న అమ్మాయి తల్లి అడుగుతుంది. ఉద్యోగం మీద జర్మనీ వెళ్లబోతున్న భార్యాభర్తలు అడుగుతారు. కోడలు జపాన్ అమ్మాయి కాబట్టి రేపు మనవడితో ఎలా మాట్లాడాలా అని ఒక తాతగారు అడుగుతారు.

అందరికీ నేను చెప్పేది ఒకటే. ఇంట్లో పాఠం చెప్పడం మానేయండి. రోజూ ఎలాగూ జరిగే పని ఒకటి ఎంచుకుని, దాన్ని పూర్తిగా ఆ భాషకు అప్పగించండి. పాఠానికి టైమ్ దొరకదు, దొరికినా మూడో రోజుకి ఎవరో ఒకరు తప్పించుకుంటారు. స్నానం, భోజనం, పడక మాత్రం ఎవరూ తప్పించుకోలేరు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- భాష ఒక్కటే. రెండు మొదలుపెడితే రెండూ ఆగిపోతాయి.
- రోజూ జరిగే పని ఒకటి, పది నుంచి ఇరవై నిమిషాలు పట్టేది.
- నోట్‌బుక్, పెన్ను.
- ఫోన్‌లో వాయిస్ రికార్డర్.
- చిన్న అట్టముక్కలు ఒక యాభై, కవర్లు అయిదు.
- ఆ భాష బాగా వచ్చినవాళ్లు ఒకరు, వారానికి అరగంట ఇవ్వగలిగితే చాలు. అలాంటివాళ్లు దొరకకపోతే ఏం చేయాలో 4వ మెట్టులో చెప్తాను.

వ్యాకరణం పుస్తకం ఇప్పుడే కొనకండి. ఒకటి రెండు నెలలు మాట్లాడాక "ఇక్కడ ఈ మాట ఎందుకు మారింది?" అనే అనుమానాలు వాటంతటవే వస్తాయి. అప్పుడు కొంటే ఆ పుస్తకం తెరుస్తారు.

1. ఎంత కావాలో ముందే తేల్చుకోండి

అమెరికా విదేశాంగ శాఖకు దౌత్యాధికారులకు భాషలు నేర్పే సంస్థ ఒకటి ఉంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఉద్యోగానికి సరిపడా స్పానిష్, ఫ్రెంచ్ లాంటివి నేర్చుకోవడానికి 600 నుంచి 750 గంటల తరగతులు, జపనీస్, అరబిక్ లాంటివాటికి 2200 గంటలు పడతాయని ఆ సంస్థ లెక్క. మనకు ఆ అంకెలు అచ్చంగా వర్తించవు. జపనీస్‌లో మన తెలుగులాగే క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి ఆ భాగం మనకు తేలిక. అయినా గంటలు వందల్లో ఉంటాయన్నది మాత్రం అందరికీ ఒకటే.

ఇప్పుడు మీ లెక్క వేసుకోండి. రోజుకు ఇరవై నిమిషాలు, ఒక్క రోజూ మానకుండా చేస్తే ఏడాదికి 120 గంటలు. అంటే ఏడాది తర్వాత మీ కుటుంబం ఆ భాషలో వార్తలు చర్చించదు. తినడం, పడుకోవడం, బయటికి బయల్దేరడం లాంటి పనుల్లో తడుముకోకుండా మాట్లాడుతుంది. ఇది చిన్న విషయమేమీ కాదు, కానీ ఇంతకంటే ఎక్కువ ఆశపడి మొదలుపెట్టినవాళ్లే నాలుగు నెలలకు విసిగిపోతారు.

ఇంట్లో అందరూ చేరాల్సిన పని లేదు. ఇద్దరు చాలు. ఒక పెద్ద, ఒక పిల్ల అయితే మంచిది. ఇష్టం లేనివాళ్లను లాగకండి. పక్కన కూర్చుని వినేవాళ్లు కొన్నాళ్లకు మధ్యలో మాట కలపడం మామూలే.

2. పనిని ఎంచుకోండి

పిల్లలను రెండు భాషల్లో పెంచడం గురించి చదివినవాళ్లు "ఒక మనిషికి ఒక భాష" అనే పద్ధతి వినే ఉంటారు. ఫ్రాన్స్‌కు చెందిన భాషా శాస్త్రవేత్త జూల్ రోంజా తన కొడుకు లూయీని ఇలాగే పెంచి, ఆ వివరాలన్నీ 1913లో పుస్తకంగా వేశాడు. తండ్రి ఫ్రెంచ్ మాత్రమే, తల్లి జర్మన్ మాత్రమే మాట్లాడేవారు. అయితే ఒక సంగతి మరిచిపోకండి. ఆ తల్లికి జర్మన్ సొంత భాష. మీలో ఒకరికి ఆ భాష పుట్టుకతో వచ్చి ఉంటే ఈ పద్ధతి హాయిగా పెట్టుకోండి. లేకపోతే వద్దు. రానిభాషలో రోజంతా పిల్లలతో మాట్లాడాలని పట్టుబట్టిన తల్లిదండ్రులు చివరికి మాట్లాడటమే తగ్గించేస్తారు. పిల్లలకు అది మంచిది కాదు.

మిగిలిన అందరికీ నేను చెప్పేది వేళను బట్టి భాష. ఫలానా పని మొదలైతే భాష మారుతుంది, ఆ పని అయిపోగానే తెలుగులోకి వచ్చేస్తాం. ఎంచుకునే పనికి మూడు లక్షణాలు ఉండాలి: రోజూ జరగాలి, ఎప్పుడూ దాదాపు ఒకే వరుసలో జరగాలి, హడావుడి ఉండకూడదు.

ఈ మూడో లక్షణం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. పొద్దున్న బడికి తయారయ్యే వేళను ఎంచుకుంటారు. బస్సు వచ్చేస్తుంటే "బూట్లు వేసుకో" అని స్పానిష్‌లో వెతుక్కునే ఓపిక ఎవరికి ఉంటుంది? రాత్రి భోజనం, పడుకునే ముందు అరగంట, సెలవు రోజైతే ఇల్లు సర్దుకోవడం బాగా పనికొస్తాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో స్నానానికి మించినది లేదు. ఒంటి భాగాలు, వేడి, చల్లన, ఇంకా, చాలు, కళ్లు మూసుకో, అయిపోయింది అన్నీ రోజూ అదే వరుసలో వస్తాయి.

మొదలైందని తెలిసేలా ఒక గుర్తు పెట్టుకోండి. బల్ల మీద ఒక రంగు గుడ్డ పరవడం, ఒక దీపం వెయ్యడం, ఏదైనా సరే. గుర్తు లేకపోతే రోజూ "ఇప్పుడు మాట్లాడదామా, తర్వాతా?" అనే బేరం నడుస్తుంది.

3. మీ ఇంటి మాటలు రాసుకోండి

ఈ మెట్టు ఎవరూ చెయ్యరు. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

ఒక రోజు ఆ పని జరుగుతున్నంతసేపు ఫోన్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. తర్వాత విని, మీరు తెలుగులో నిజంగా ఏమేం అన్నారో రాయండి. "నా పేరు ఫలానా, నాకు నీలం రంగు ఇష్టం" లాంటివి ఒక్కటీ ఉండవు. "అది ఇటివ్వు", "ఇంకా కావాలా?", "వద్దు, చాలు", "ఒక్క నిమిషం ఆగు", "ఎక్కడ పెట్టావ్?", "నువ్వే చేశావు కదా!", "వేడిగా ఉంది, జాగ్రత్త" లాంటివి ఉంటాయి. పాఠ్యపుస్తకాలకు, ఇంటి మాటకు మధ్య ఎంత దూరమో అప్పుడు తెలుస్తుంది.

అందులోంచి ఎక్కువసార్లు వచ్చినవి ఎనిమిది తీసుకోండి. వాటికి ఈ నాలుగూ కలపండి:

- మళ్లీ చెప్పు.
- దీన్ని ఏమంటారు?
- మెల్లగా.
- నాకు తెలియదు.

ఈ నాలుగూ లేకపోతే మాట తట్టని ప్రతిసారీ తెలుగులోకి జారిపోతారు. ఉంటే తెలియనితనం కూడా ఆ భాషలోనే నడిచిపోతుంది. మొత్తం పన్నెండు వాక్యాలు. మొదటి నెలకు ఇంతే. ఎంత ఉత్సాహం ఉన్నా ఇరవైకి పెంచకండి.

ఆ ఎనిమిదింటిలో ఆజ్ఞలు సగానికి మించకుండా చూసుకోండి. కూర్చో, తిను, తియ్యి, పెట్టు అని మాత్రమే వినిపించే భాష మీద పిల్లలకు ప్రేమ ఎలా పుడుతుంది? "దొంగా!", "నాకు ముందే తెలుసు", "నమ్మను పో" లాంటి ఆటపట్టించే మాటలు రెండైనా ఉండాలి. పిల్లల నోటికి ముందుగా పట్టేవి ఇవే.

4. వాక్యాలు సరైనవో కాదో చూసుకోండి

ఆ భాష వచ్చినవాళ్లు తెలిసి ఉంటే పన్నెండు వాక్యాలూ వాళ్లకు పంపండి. "దీన్ని అనువాదం చెయ్యండి" అనకండి. "మీ ఇంట్లో ఈ సందర్భంలో పిల్లలతో ఏమంటారు?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులు తరచూ వేరుగా ఉంటాయి. వాళ్లతోనే ఒక్కో వాక్యం మెల్లగా ఒకసారి, మామూలు వేగంతో ఒకసారి చదివించి ఆడియో తీసుకోండి.

ఎవరూ లేకపోతే గూగుల్ ట్రాన్స్‌లేట్ లాంటి పరికరంతో మొదలుపెట్టొచ్చు, కానీ వచ్చినదాన్ని వచ్చినట్టు వాడకండి. మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది మర్యాద. జర్మన్‌లో దూ, జీ, ఫ్రెంచ్‌లో త్యూ, వూ అని మన నువ్వు, మీరు లాగానే రెండు రూపాలున్నాయి. మీరు "నువ్వు" అని రాసినా యంత్రం మర్యాద రూపం ఇవ్వొచ్చు. మూడేళ్ల పిల్లాణ్ని "తమరు చేతులు కడుక్కోండి" అన్నట్టు ఉంటుంది.

రెండోది సందర్భం. భోజనం దగ్గర మనం అనే "చాలు"ను ఫ్రెంచ్‌లో "సా స్యుఫీ" అని దించితే అక్షరాలా తప్పు కాదు. కానీ ఫ్రెంచ్‌వాళ్లు ఆ మాటను ఎక్కువగా అల్లరి చేసే పిల్లల్ని కసిరేటప్పుడు అంటారు. వడ్డిస్తున్నవాళ్లకు "నోఁ మెర్సీ" అని చెప్పాలి.

మూడోది పొడవు. "ఇటివ్వు" అన్న ఒక్క మాటకు యంత్రం ఆరు మాటల వాక్యం ఇస్తే అనుమానించండి. ఇంట్లో ఎవరూ అంత పొడవుగా మాట్లాడరు.

సరిచూసుకునే పద్ధతి ఇది. వచ్చిన వాక్యాన్ని తిరిగి తెలుగులోకి, ఇంగ్లీషులోకి మార్చి చూడండి. తర్వాత తాతోయెబా అనే ఉచిత వెబ్‌సైట్‌లో వెతకండి. అక్కడ చాలా భాషల వాక్యాలు అనువాదాలతో సహా దొరుకుతాయి. వాటిని రాసేది స్వచ్ఛందంగా చేరినవాళ్లు కాబట్టి ఆ భాష సొంతమైనవాళ్లు రాసినవే తీసుకోండి. ఎంత వెతికినా అనుమానం తీరకపోతే ఆ వాక్యాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి. తప్పుగా నోటికి పట్టినదాన్ని వదిలించుకోవడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టం.

5. ముందు చెవి, తర్వాత నోరు

ఒక్కో మాట ఎలా పలకాలో వినడానికి ఫోర్వో అనే వెబ్‌సైట్ ఉంది. ఆ భాష మాట్లాడేవాళ్లు స్వయంగా పలికి పెట్టిన ఆడియోలు అందులో ఉంటాయి. ప్రతి వాక్యాన్నీ పలకకముందు బాగా వినండి, పదిసార్లయినా ఫరవాలేదు. తర్వాత ఆడియోతో పాటే, దాని వెనకే, అదే రాగంతో పలకండి. ఒక్కో అక్షరం సరిగ్గా వచ్చిందా అని ఇప్పుడే పట్టించుకోకండి. రాగం, ఊనిక కుదిరితే అక్షరాల్లో చిన్న తేడా ఉన్నా అవతలివాళ్లకు అర్థమవుతుంది.

తెలుగు లిపిలో రాసుకోవచ్చా అని అడుగుతుంటారు. మొదటి రెండు వారాలు రాసుకోండి, ఆ తర్వాత కొట్టేయండి. రాసుకునేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

- స్పానిష్, ఫ్రెంచ్ భాషల్లో ట, డ అనుకునే శబ్దాలు నిజానికి మన త, దలకు దగ్గర. బల్లను ఫ్రెంచ్‌లో "తాబ్ల్" అనాలి, "టాబ్లే" కాదు. ఇంగ్లీషు ద్వారా ఈ భాషల్లోకి వెళ్లేవాళ్లందరూ ఇక్కడ తడబడతారు. మనకు త, ద ముందే ఉన్నాయి కాబట్టి ఇది ఉచితంగా వచ్చే లాభం.
- మాట చివర అచ్చు చేర్చే అలవాటు మనది. బస్సు, కారు, పెన్ను అన్నట్టే ప్రతి విదేశీ మాటకూ ఉకారం తగిలిస్తాం. జర్మన్‌లో, ఫ్రెంచ్‌లో హల్లు దగ్గర ఆగిపోవడం నేర్చుకోవాలి. ఇటాలియన్, జపనీస్ మాటలు ఎక్కువ భాగం అచ్చుతోనో న్‌తోనో ముగుస్తాయి కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ.
- గరగరలాడే జ, అంటే ఇంగ్లీషు "జూ" (zoo)లో వినిపించేది. జర్మన్, ఫ్రెంచ్, జపనీస్ మూడింటిలోనూ ఉంది. "స్స్స్" అని సాగదీస్తూ గొంతు మీద చెయ్యి పెట్టి, అదే శబ్దానికి గొంతు కలపండి. చేతికి అదురు తగిలితే శబ్దం కుదిరినట్టు.
- జర్మన్‌లో యు మీద రెండు చుక్కలున్న అచ్చు, ఫ్రెంచ్‌లో మామూలు యు, రెండూ ఒకటే శబ్దం. లోపల "ఈ" అంటూ పెదాలను మాత్రం "ఊ" అన్నట్టు గుండ్రంగా పెట్టండి. నాలుక కదలకూడదు.
- జపనీస్‌లో హ్రస్వదీర్ఘాలు తేడా వస్తే అర్థం మారిపోతుంది: "ఒబసన్" అంటే అత్త, పిన్ని వరస, "ఒబాసన్" అంటే అమ్మమ్మ, నానమ్మ. హ్రస్వం, దీర్ఘం వేరుచేసి పలకడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటే కాబట్టి భయం లేదు.

6. మొదటి రెండు వారాలు

రోజుకో వాక్యం. మొదటి రోజు ఒక్కటే అనండి, మిగతాదంతా తెలుగే. రెండో రోజు రెండు. పన్నెండు రోజులకు పన్నెండూ వాడుకలోకి వస్తాయి. ఒక రోజు తప్పిపోతే రెండు వాక్యాలు కలిపేసి పూడ్చుకోకండి, ఆగిన చోటునుంచి కొనసాగించండి.

ఇక్కడ పెద్ద ప్రమాదం ఒకటుంది. కొత్త భాషలో ఒక మాట అని, వెంటనే తెలుగులో అర్థం చెప్పేయడం. పిల్లలు చాలా తెలివైనవాళ్లు. రెండు రోజుల్లో మొదటి ముక్క వినడం మానేసి తెలుగు ముక్క కోసం కాచుకుంటారు. మీరేమో ఇద్దరికీ బాగా వస్తోందనుకుంటారు. అర్థం చేతలతో చెప్పండి: "ఇటివ్వు" అంటూ చెయ్యి చాచండి, "వేడి" అంటూ చెయ్యి వెనక్కి లాక్కోండి. మాటకు ఒంటి కదలికను జోడించి నేర్పే పద్ధతిని జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో తయారుచేశాడు, ఇప్పటికీ తరగతుల్లో వాడుతున్నారు. ఇంట్లో దానికి ప్రత్యేక ఏర్పాటేమీ అక్కర్లేదు, పని ఎలాగూ నడుస్తూనే ఉంటుంది.

వస్తువుల మీద పేర్ల చీటీలు అంటించడం గురించి: నాలుగు రోజులయ్యాక వాటిని ఎవరూ చూడరు. అంటించాలని సరదాగా ఉంటే పేరు కాకుండా వాక్యం అంటించండి. తలుపు మీద "తలుపు" కాదు, "మెల్లగా వెయ్యి". ప్రతి ఆదివారం మార్చండి.

7. పిల్లలు తెలుగులోనే బదులిస్తుంటే

కచ్చితంగా ఇస్తారు. కంగారుపడకండి, కానీ వదిలెయ్యకండి కూడా. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో ఇంట్లో రెండు భాషలున్న కుటుంబాలను అనిక్ డె హౌవర్ అనే భాషా శాస్త్రవేత్త సర్వే చేసి 2007లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు నాలుగో వంతు ఇళ్లలో పిల్లలు ఇంటి భాషల్లో ఒకదాన్ని మాట్లాడటమే లేదు. అవి తల్లిదండ్రులకు బాగా వచ్చిన భాషలు! వినిపిస్తూ ఉంటే అదే వచ్చేస్తుందని చేతులు ముడుచుకుంటే మన పని అవదు. పిల్లలకు జవాబివ్వాల్సిన అవసరం కల్పించాలి.

నాకు బాగా నచ్చిన ఉపాయం, రెండింటిలో ఒకటి ఎంచుకోమనడం. పిల్ల తెలుగులో "నీళ్లు" అంది. మీరు రెండు గ్లాసులు చూపించి, కొత్త భాషలో "నీళ్లా, పాలా?" అని అడగండి. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది, పిల్ల దాన్ని అందుకుంటే చాలు. "ఏం కావాలి?" అని అడిగితే మాట గుర్తుకు తెచ్చుకోవాలి, అక్కడే ఆగిపోతుంది.

అలా కుదరనప్పుడు పిల్ల తెలుగులో చెప్పినదాన్నే కొత్త భాషలో ప్రశ్నగా తిప్పి అడగండి. తను తల ఊపినా సరే, ఆ మాట ఇంకోసారి విన్నట్టే. "నాకు అర్థం కాలేదు" అని నటించడం కూడా ఒక పద్ధతే కానీ నవ్వుతూ, ఒక బొమ్మ చేత అనిపిస్తే బాగుంటుంది. "ఈ కోతికి తెలుగు రాదు" అంటే ఆరేళ్లలోపు పిల్లలు సంతోషంగా ఒప్పుకుంటారు. పన్నెండేళ్లవాళ్ల దగ్గర మాత్రం ఈ నాటకం వెయ్యకండి. వాళ్లకు వాళ్ల ఇష్టాన్ని అప్పగించండి: ఆ భాషలో ఆడే ఆట, వినే పాట, చూసే సిరీస్ వాళ్లే ఎంచుకోవాలి.

ఆకలేసినా, ఏడుస్తున్నా, జ్వరంగా ఉన్నా ఆట ఆపేసి తెలుగులో దగ్గరకు తీసుకోండి.

తప్పు మాట్లాడితే ఆపి దిద్దకండి. అదే వాక్యాన్ని సరిగ్గా, మామూలుగా తిరిగి అని సంభాషణ ముందుకు తీసుకెళ్లండి. ఒకే తప్పు మూడు వారాలు దాటినా ఉంటే అప్పుడు దాన్ని వేరే వేళలో ఆటగా పట్టుకోండి.

8. పెద్దవాళ్లకు కవర్ల పద్ధతి

పిల్లల కంటే మనం త్వరగా మరిచిపోతాం, ఒప్పుకోవాలి. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత చెప్పిన పెట్టెల పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. అట్టముక్కకు ఒకవైపు తెలుగు వాక్యం, రెండోవైపు కొత్త భాష వాక్యం రాయండి. అన్నీ మొదటి కవర్లో పెట్టండి. తెలుగు చూసి రెండోవైపు పైకి చెప్పాలి. సరిగ్గా చెప్పగలిగితే తర్వాతి కవర్లోకి, తప్పితే మళ్లీ మొదటి కవర్లోకి. మొదటి కవరు రోజూ, రెండోది రెండు రోజులకోసారి, మూడోది వారానికి, నాలుగోది రెండు వారాలకు, అయిదోది నెలకోసారి తియ్యండి. ఇదే పనిని ఫోన్‌లో చేసే ఆంకీ అనే యాప్ ఉంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఒంటరిగా నేర్చుకునేవాళ్లకు ఆంకీ మంచిది. ఇంటిల్లిపాదికీ అయితే నా ఓటు అట్టముక్కలకే, ఎవరైనా ఎవరినైనా అడగొచ్చు.

విడి మాటలు రాయకండి, వాక్యాలు రాయండి. తప్పనిసరిగా మాటే రాయాల్సి వస్తే జర్మన్ లాంటి భాషల్లో లింగం తెలిపే ముక్కతో కలిపే రాయాలి. చెంచా దేర్ లోఫెల్ పుంలింగం, ఫోర్కు డీ గాబెల్ స్త్రీలింగం, కత్తి దాస్ మెసర్ నపుంసకం. ఇందులో తర్కం వెతికితే తలనొప్పి తప్ప ఇంకేం రాదు. పుంలింగానికి నీలం అట్ట, స్త్రీలింగానికి ఎరుపు, మూడోదానికి పచ్చ వాడితే కంటికి అలవాటవుతుంది.

9. టీవీ, ఫోన్

టీవీ పెట్టేస్తే చంటిపిల్లలకు భాష వస్తుందా? అమెరికాలో పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం చూడండి. తొమ్మిది నెలల వయసులో మొదలుపెట్టి, కొందరు పిల్లలకు చైనీస్ మాట్లాడేవాళ్లు ఎదురుగా కూర్చుని ఆడించారు, కథలు చదివారు. మరికొందరికి అదే సంగతి వీడియోలో, ఆడియోలో పెట్టారు. మనుషులతో గడిపిన పిల్లలు చైనీస్ ధ్వనుల తేడా పట్టుకున్నారు, తెర ముందు కూర్చున్నవాళ్లు పట్టుకోలేదు. కాబట్టి చంటిపిల్లలకు తెర మీద ఆశ పెట్టుకోకండి.

కాస్త పెద్దపిల్లలకు, మనకు టీవీ పనికొస్తుంది, చూసే తీరును బట్టి. ఒక కార్టూన్‌లో అయిదు నిమిషాల ముక్క తీసుకుని వారమంతా అదే చూడండి. మొదటి రోజు తెలుగులోనో ఇంగ్లీషులోనో కథ తెలుసుకోండి, తర్వాత కొత్త భాషలో. సబ్‌టైటిల్స్ పెడితే అదే భాషవి పెట్టండి, ఇంగ్లీషువి పెడితే కన్ను చదువుకుంటూ పోతుంది, చెవి పని మానేస్తుంది. డబ్బింగ్ అయిన సినిమాల్లో మాటలు, సబ్‌టైటిల్స్ వేరువేరుగా అనువాదం చేస్తారు కాబట్టి తరచూ కలవవు. ఆ భాషలోనే తీసినవి ఎంచుకుంటే ఈ గందరగోళం ఉండదు. వినడానికి లిబ్రీవాక్స్ అనే వెబ్‌సైట్ కూడా ఉంది, కాపీరైట్ తీరిన పుస్తకాలను స్వచ్ఛందంగా చదివి ఉచితంగా పెట్టారు. మాట పాతకాలంది కాబట్టి పిల్లల కథలు మాత్రమే తీసుకోండి.

ఫోన్ భాష మార్చాలనుకునేవాళ్లు ముందు సెట్టింగ్స్‌లో తిరిగి వెనక్కి వచ్చే దారిని స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌కి పంపుకోండి. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్ జోలికి పోకండి.

పనిచేస్తోందో లేదో చూసుకోవడం

యాప్‌లో వరుసగా ఎన్ని రోజులు ఆడారన్న అంకె కొలత కాదు. ఇవి చూడండి.

చేతులు జేబులో పెట్టుకుని, ముఖంలో భావం లేకుండా ఒక వాక్యం అనండి. పిల్ల పని చేసిందా? చేస్తే మాట అర్థమైంది. చెయ్యకపోతే ఇన్నాళ్లూ మీ సైగను చదివింది. సైగ తగ్గించుకుంటూ ఇంకో వారం చెయ్యండి.

వాక్యంలో ఒక మాట మార్చండి. "గ్లాసు ఇటివ్వు" వచ్చినవాళ్లు "చెంచా ఇటివ్వు" అనగలుగుతున్నారా? లేకపోతే అది ఇంకా మంత్రంలాగే ఉంది. అలాంటప్పుడు కొత్త వాక్యాలు ఆపి, ఉన్న పన్నెండింటిలోనే మాటలు మార్చి ఆడండి.

నెలకోసారి ఒకే బొమ్మను చూస్తూ ఇంట్లో ఒక్కొక్కరూ ఒక నిమిషం మాట్లాడి రికార్డు చెయ్యండి. సిద్ధం కాకూడదు, కాగితం చూడకూడదు. ఫైలు పేరుగా తేదీ పెట్టండి. మూడో నెల రికార్డింగ్‌ను మొదటిదాని పక్కన పెట్టి వినండి. కొత్త మాటలు పెరగకపోయినా మధ్యలో ఆగే ఖాళీలు తగ్గాయంటే పని జరుగుతున్నట్టే.

చివరిది, బయటి మనిషి. 2001లో యూరప్ కౌన్సిల్ ఒక భాష ఎంత వచ్చో కొలిచే ఆరు స్థాయిలు ప్రకటించింది, ఏ1 నుంచి సీ2 దాకా. అవతలి మనిషి మెల్లగా మాట్లాడుతూ సాయం చేస్తుంటే తేలిక మాటల్లో సంభాషించగలగడం ఏ1 స్థాయి. ఆ భాష వచ్చిన ఎవరితోనైనా వీడియో కాల్‌లో అయిదు నిమిషాలు, మీ పన్నెండు వాక్యాల విషయమే మాట్లాడి చూడండి. ఇంట్లో మనకు మనం అర్థమవుతూ, బయటివాళ్లకు అర్థం కాని ఇంటి యాస ఒకటి తయారవుతుంది, అది బయటపడేది ఇక్కడే.

తరచూ జరిగే పొరపాట్లు

చుట్టాల ముందు "ఏదీ, ఆంటీకి జర్మన్‌లో చెప్పు" అనడం. ఒక్కసారి చాలు, పిల్ల నెల రోజులు నోరు విప్పదు.

"ముందు నాకు బాగా రానీ, తర్వాత పిల్లలతో మొదలుపెడతా" అనుకోవడం. ఆ రోజు రాదు. మీ యాస పిల్లలకు అంటుకుంటుందన్న టెన్షన్ ఉంటే ఆడియోలు ఎక్కువ వినిపించండి, మాట్లాడటం మాత్రం మానకండి.

అక్కను చూపించి తమ్ముణ్ని చిన్నబుచ్చడం. ఇద్దరికీ వేరువేరు వాక్యాల బాధ్యత ఇస్తే పోలిక రాదు.

ఇంట్లో పెద్దవాళ్లు వెలిపడ్డట్టు అనిపించడం. నానమ్మ బల్ల దగ్గర ఉంటే గుర్తు తీసేసి తెలుగులో మాట్లాడండి, లేదా ఆమెకు ఒకే ఒక్క వాక్యం నేర్పి ఆటలో చేర్చండి. పిల్లలకు తెలియకూడనివి మాట్లాడుకోవడానికి ఆ భాష వాడే తల్లిదండ్రులూ ఉన్నారు. పద్ధతిగా చూస్తే తప్పే కానీ, పిల్లలు అంత శ్రద్ధగా చెవులు రిక్కించేది అప్పుడే.

అన్నిటికంటే పెద్దది, కొత్త భాష కోసం తెలుగు తగ్గించడం. కథలు, కబుర్లు, కోపతాపాలు, లోతైన ప్రశ్నలు తెలుగులోనే సాగాలి. పిల్లలకు మాటలు ఆలస్యమవుతుంటే రెండో భాష వల్లే అని ఎవరైనా అంటారు. రెండు భాషలు వినడం మాటల ఆలస్యానికి కారణం కాదు. భాష మానేసి చూద్దామని కాలం గడపకుండా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి.

మూడు నెలలయ్యాక

పైన చెప్పిన పరీక్షల్లో మొదటి రెండూ దాటకపోతే వాక్యాలు కాదు, పనిని మార్చండి. భోజనం దగ్గర కుదరనిది పడుకునే వేళ కుదరొచ్చు. దాటితే రెండో పని చేర్చుకోండి, కానీ మొదటిదాని పక్కనే కాదు. రాత్రి భోజనం మొదటిదైతే రెండోది సెలవు రోజు ఇల్లు సర్దడం కావచ్చు. మళ్లీ రికార్డర్ పెట్టి, మళ్లీ పన్నెండు వాక్యాలు రాసుకోండి. అందులో నాలుగు పాతవే ఉండేలా చూసుకోండి.